ఉత్సాహమా, మేనియానా? క్లిఫర్డ్ బీర్స్ జీవితం చెప్పే తేడా



యాన్యువల్ డే రాత్రి పిల్లలకు ఒక పట్టాన నిద్ర రాదు. స్టేజి మీద ఎవరు స్టెప్పు మర్చిపోయారో, ఎవరికి ఎక్కువ చప్పట్లు వచ్చాయో అన్నం తింటూ చెబుతారు, పక్క మీద పడుకుని మళ్లీ చెబుతారు. మర్నాడు సాయంత్రానికి అలసిపోయి హోంవర్క్ పుస్తకం మీదే కునుకు తీస్తారు. అది చూసి మీరు కంగారుపడరు. పడక్కర్లేదు కూడా.

మరి ఇంటర్ చదివే అబ్బాయి వారం రోజులుగా రాత్రికి రెండు గంటలే పడుకుంటున్నాడనుకోండి. అయినా అలసట లేదు. ముఖం వెలిగిపోతోంది. నాలుగు పనులు ఒకేసారి మొదలుపెట్టాడు, ఆగకుండా మాట్లాడుతున్నాడు, కాస్త ఆగమంటే మండిపడుతున్నాడు. ఇదీ ఉత్సాహమేనా? పట్టుదల అని మెచ్చుకోవాలా, లేక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా?

మానసిక వైద్యంలో మేనియా అనే స్థితి ఒకటి ఉంది. ఆలోచన, మాట, శరీరం అన్నీ ఒక్కసారిగా వేగం అందుకుని, ఆ వేగం మనిషి అదుపులో లేకుండా పోవడం దాని లక్షణం. బైపోలార్ డిజార్డర్ అనే జబ్బుకు ఒక కొస మేనియా అయితే, రెండో కొస డిప్రెషన్. డిప్రెషన్‌లో ఉన్న పిల్లవాడిని చూస్తే ఏదో బాగోలేదని ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. మేనియా మొదట్లో అలా కాదు. పిల్లవాడు మునుపటికంటే చురుగ్గా, ధైర్యంగా, తెలివిగా ఉన్నట్టు కనిపిస్తాడు. అతనికీ అలాగే అనిపిస్తుంది. అందుకే అది దొరకదు.

ఈ తేడాను మాటలతో వివరించడం కంటే ఒక మనిషి జీవితంలో చూపించడం తేలిక. ఆ మనిషి పేరు క్లిఫర్డ్ బీర్స్. అమెరికావాడు. డాక్టరు కాదు, ప్రొఫెసరు కాదు. మేనియాను స్వయంగా అనుభవించి, బయటపడి, దాని గురించి పుస్తకం రాసి, ప్రపంచంలో మానసిక ఆరోగ్య ఉద్యమానికి నాంది పలికినవాళ్లలో ఒకరయ్యారు. ఏటా అక్టోబర్ 10న మన స్కూళ్లలో జరుపుకునే ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం వెనక కూడా ఆయన వేసిన బాట ఉంది.

భయంతో మొదలైన కథ

బీర్స్ 1876 మార్చి 30న అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, న్యూ హేవెన్ నగరంలో పుట్టారు. అన్నదమ్ములతో నిండిన మధ్యతరగతి ఇల్లు. ఊళ్లోనే పేరున్న యేల్ యూనివర్సిటీ. అక్కడే చదివి 1897లో డిగ్రీ తీసుకున్నారు. కాలేజీలో చురుకైన కుర్రాడే.

ఆ చురుకుదనం వెనక ఎవరికీ చెప్పని భయం ఒకటి ఉండేది. 1894లో ఆయన అన్నల్లో ఒకరికి మూర్ఛలు మొదలయ్యాయి. కళ్లముందే అన్న పరిస్థితి దిగజారుతుంటే, రేపు తనకూ ఇదే వస్తుందన్న ఆలోచన పద్దెనిమిదేళ్ల బీర్స్‌ను పట్టుకుంది. తరగతిలో నిలబడి పాఠం అప్పజెప్పాలన్నా వణుకు. అయినా ఇంట్లో అమ్మానాన్నలకు గానీ, మాస్టార్లకు గానీ, స్నేహితులకు గానీ చెప్పలేదు. పైకి నవ్వుతూ చదువు పూర్తి చేశారు, న్యూయార్క్ వెళ్లి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరారు.

1900 నాటికి ఆ భయం ఆయన్ను పూర్తిగా కుంగదీసింది. ఉద్యోగం వదిలి ఇంటికొచ్చారు. ఆ జూన్ నెలలో ప్రాణం తీసుకోబోయారు. అదృష్టం బాగుండి గాయాలతో బయటపడ్డారు. అప్పుడాయన వయసు 24.

ప్రాణం దక్కింది గానీ మనసు చెదిరిపోయింది. తనను పోలీసులు పట్టుకోబోతున్నారని, చుట్టూ ఉన్నవాళ్లంతా డిటెక్టివ్‌లని నమ్మారు. చూడటానికొచ్చే బంధువులు నిజమైన బంధువులు కారని, వాళ్ల వేషంలో వచ్చిన మోసగాళ్లని అనుకున్నారు. తిండి మీద అనుమానం, మనుషుల మీద అనుమానం. నోరు విప్పితే తన మీద సాక్ష్యం అవుతుందని మాట్లాడటం దాదాపు మానేశారు. ఒక ప్రైవేటు ఆస్పత్రి, తర్వాత హార్ట్‌ఫర్డ్ పట్టణంలో మరో ఆస్పత్రి. అలా 798 రోజులు గడిచాయి.

జబ్బు తగ్గింది అనుకున్న రోజు

1902 ఆగస్టు చివరి వారం. బీర్స్‌కు ఒక ఉపాయం తట్టింది. తనను చూడటానికి వస్తున్న అన్న జార్జ్ అసలైనవాడో కాదో తేల్చుకోవాలి. అన్న ఇంటి అడ్రసుకు ఉత్తరం రాశారు. నువ్వు నిజంగా మా అన్నవే అయితే ఈసారి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం పట్టుకుని రా అన్నది దాని సారాంశం. మోసగాడైతే ఆ ఉత్తరం అతని చేతికి అందదు కదా!

ఆగస్టు 30న జార్జ్ వచ్చారు. చేతిలో ఆ ఉత్తరం ఉంది. దాన్ని చూసిన క్షణంలో రెండేళ్లుగా అల్లుకున్న అనుమానాల వల తెగిపోయింది. తమ్ముడు అన్నను గుర్తుపట్టాడు, మాట్లాడాడు.

ఇంట్లోవాళ్లకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది? రెండేళ్లు నోరు విప్పని మనిషి గలగలా మాట్లాడుతున్నాడు. తిండి తింటున్నాడు, నవ్వుతున్నాడు, భవిష్యత్తు గురించి చెబుతున్నాడు. బీర్స్ కూడా తాను పూర్తిగా బాగుపడ్డాననే అనుకున్నారు.

నిజానికి ఆయన జబ్బు ఒక కొస నుంచి రెండో కొసకు చేరింది.

మాట మొదలైంది గానీ ఆగలేదు. కొన్ని వారాల పాటు రాత్రికి రెండు మూడు గంటలకు మించి నిద్రపోలేదు. అయినా అలసట అన్నదే లేదు. కనిపించిన ప్రతివాళ్లకూ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో ఇచ్చే కాగితాలు ఏ మూలకూ చాలలేదు. పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం తెప్పించుకుని, అడుగు వెడల్పు ముక్కలుగా కత్తిరించి, ఒకదానికొకటి అతికించి రాశారు. ఇరవై ముప్పై అడుగుల పొడవున్న ఉత్తరాలు ఒకటి కంటే ఎక్కువసార్లు రాశారు. ఒకసారి రెండు మూడు రోజుల్లో రాసినదంతా నేల మీద పరిస్తే దాదాపు 100 అడుగుల వరండా ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చింది. గంటకు సుమారు 12 అడుగులు, అడుగుకు దాదాపు 150 మాటలు. ఆ లెక్కలు వేసింది కూడా ఆయనే.

రాతతో ఆగలేదు. బొమ్మలు గీయడం మొదలుపెట్టి, గొప్ప చిత్రకారుడిని అవుతాననుకున్నారు. భూమ్యాకర్షణ శక్తిని జయించే యంత్రం కనిపెడతానని తివాచీని పేలికలు చేసి, వాటితో మంచాన్ని, దాని మీద తననూ నేల నుంచి పైకి లేపే ఏర్పాటు చేశారు. దేశంలోని పిచ్చాసుపత్రులన్నిటినీ సంస్కరించాలని నిర్ణయించుకున్నారు. అందుకు అన్ని వార్డులూ చూడాలి కాబట్టి, కావాలనే గొడవ చేసి, మాట వినని రోగులను పడేసే వార్డుకు తనను పంపేలా చేసుకున్నారు.

అడ్డు చెప్పిన డాక్టర్లతో, సిబ్బందితో రోజూ తగాదా. వాళ్లు బలంతో జవాబిచ్చారు. చేతులు కదలకుండా కట్టేసే స్ట్రెయిట్‌జాకెట్ తొడిగి, దాదాపు మూడు వారాల పాటు రాత్రుళ్లు అలాగే ఉంచారు. 1902 నవంబరులో ఆయన్ను మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ ఆస్పత్రికి మార్చారు. అక్కడ సిబ్బంది రోగులను కొట్టడం ఆయన కళ్లారా చూశారు, తానూ దెబ్బలు తిన్నారు. చలికాలంలో చాలీచాలని బట్టలతో గదిలో ఒంటరిగా ఉన్నారు. చివరికి సిబ్బంది కళ్లుగప్పి రాష్ట్ర గవర్నరుకు ఉత్తరం చేరేలా చేశారు. 1903 సెప్టెంబరు నాటికి మనసు నెమ్మదించి, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. భూమ్యాకర్షణను జయిస్తానన్నదీ ఆయనే. రోగులను కొడుతున్నారని చెప్పిందీ ఆయనే. మొదటిది భ్రమ, రెండోది పచ్చి నిజం. రెండూ ఒకే శరత్కాలం నుంచి ఒకే చలికాలం దాకా ఒకే నోటి నుంచి వచ్చాయి. ఆలోచన చాలా పెద్దది కాబట్టి అది జబ్బే అనలేం. ఆలోచన మంచిది కాబట్టి జబ్బు లేదనీ అనలేం. పిల్లవాడు చెప్పే కలను బట్టి మేనియాను కొలవడం మొదలుపెడితే మనం పొరబడతాం. మరి దేన్ని బట్టి కొలవాలి? దానికి జవాబు బీర్స్ జీవితంలో రెండేళ్ల తర్వాత దొరుకుతుంది.

రెండోసారి: అన్న కనిపెట్టాడు

ఇంటికొచ్చాక బీర్స్ మళ్లీ న్యూయార్క్‌లో ఉద్యోగంలో చేరారు. వ్యాపార పనుల మీద ఊళ్లు తిరిగారు, బాగా పనిచేశారు. ఏడాదికి పైగా అంతా సవ్యంగా గడిచింది. ఆస్పత్రుల సంస్కరణ ఆలోచన మాత్రం మనసులోంచి పోలేదు. తన అనుభవాన్ని పుస్తకంగా రాస్తే దేశం కళ్లు తెరుస్తుందని అనిపించింది.

1905 జనవరిలో ఆ ఆలోచన ఒక్కసారిగా ఉప్పొంగింది. పేజీలకు పేజీలు రాయడం, ఎడతెగని ఉత్తరాలు, మాటలో వేగం. 1902లో చూసినదంతా మళ్లీ మొదలవుతున్న జాడలు అన్న జార్జ్‌కు కనిపించాయి. ఆయన తమ్ముడి కలను వెక్కిరించలేదు, అలాగని చప్పట్లూ కొట్టలేదు. నీ ఉత్సాహం హద్దు దాటుతోందని నెమ్మదిగా, సూటిగా చెప్పారు.

బీర్స్ మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం మేనియాలో సహజం, ఎందుకంటే లోపలి మనిషికి అంత బాగా ఎప్పుడూ ఉండదు. కానీ ఈసారి ఆయనకు 1902 గుర్తుంది. అన్న మీద నమ్మకం ఉంది. కొంత చర్చ తర్వాత తన ఇష్టంతోనే ఆస్పత్రిలో చేరడానికి సరేనన్నారు. అది కూడా రెండున్నరేళ్ల కిందట తాను తగాదాలు పడ్డ హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రికే! ఈసారి కట్టేయడాలు లేవు, కొట్లాటలు లేవు. కొన్ని వారాల విశ్రాంతితో మనసు కుదుటపడింది. బయటికొచ్చి మళ్లీ ఉద్యోగానికి వెళ్లారు.

మొదటిసారి ఎవరూ గుర్తించని మేనియా ఏడాదికాలాన్ని మింగింది. రెండోసారి అన్న వెంటనే గుర్తించడంతో వారాల్లో ముగిసింది. మనిషి ఒకడే, జబ్బు ఒకటే. 1905లో బీర్స్ వాడుకోదగ్గ మందు కూడా ఏదీ లేదు. మేనియాకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ప్రకటించింది 1949లో. అప్పటికి లేని మందు చేయలేని పనిలో కొంతైనా ఇంట్లోవాళ్ల చూపు చేసింది.

మూడోసారి: అదే కల, వేరే నడక

ఆస్పత్రి నుంచి వచ్చాక బీర్స్ పుస్తకాన్ని వదిలేయలేదు. కానీ పని చేసే తీరు మారింది. ఉద్యోగం చేసుకుంటూనే, ఖాళీ సమయాల్లో రాశారు. రాసినదాన్ని అచ్చుకు పరిగెత్తించకుండా తెలిసినవాళ్లకు చూపించారు. హార్వర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్తగా ప్రపంచమంతా పేరున్న విలియం జేమ్స్‌కు 1906లో రాతప్రతి పంపారు. అది చదివి జేమ్స్ రాసిన ఉత్తరమే తర్వాత పుస్తకానికి ముందుమాట అయింది. ఆనాటి గొప్ప మానసిక వైద్యుడు అడాల్ఫ్ మేయర్ మార్పులు సూచించారు. బీర్స్ విన్నారు, దిద్దారు, ఆగారు. డాక్టర్ల మీద కోపం ఎక్కువైన చోట తగ్గించారు.

1908 మార్చిలో ఏ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్ అనే ఆ పుస్తకం వెలువడింది. తప్పిపోయిన మనసు తనను తాను వెతుక్కుని దొరకబుచ్చుకోవడం దాని కథ. దేశం మొత్తాన్ని ఒక్కసారిగా మార్చేయాలని దూకకుండా, ముందు సొంత రాష్ట్రంలో చిన్న సంఘం పెట్టారు. 1908 మేలో కనెటికట్ మెంటల్ హైజీన్ సొసైటీ మొదలైంది. అది నిలబడ్డాక, 1909 ఫిబ్రవరిలో జాతీయ స్థాయి కమిటీ ఏర్పడింది.

దారి నల్లేరు మీద నడక కాలేదు. తొలి సంవత్సరాల్లో చేతిలో డబ్బు లేదు. అప్పులు చేసి సంఘాన్ని నడిపారు. విలియం జేమ్స్ సొంత డబ్బు 1000 డాలర్లు ఇచ్చారు. హెన్రీ ఫిప్స్ అనే ధనవంతుడు 50,000 డాలర్లు ఇచ్చాక పని ఊపందుకుంది. బయటినుంచి చూసేవాళ్లకు ఆ రోజుల్లో కూడా బీర్స్ అతి ఉత్సాహవంతుడిగానే కనిపించి ఉండొచ్చు. ఆస్పత్రి నుంచి వచ్చినవాడు, అప్పులు చేస్తూ, పెద్దపెద్ద వాళ్ల తలుపులు తడుతూ, లోకాన్ని మారుస్తానంటున్నాడు! అయినా అది మేనియా కాదు. రాత్రి నిద్రపోయేవాడు, పెద్దల మాట వినేవాడు, వద్దంటే ఆగేవాడు, ఒక పని పూర్తయ్యాకే ఇంకొకటి మొదలుపెట్టేవాడు.

1902లో, 1905లో, 1908లో బీర్స్ కల ఒక్కటే. మారినవి ఆ కల చుట్టూ ఉన్న నిద్ర, మాట, ఓర్పు. మీరు చూడాల్సింది వాటినే.

మీ ఇంట్లో ఏం గమనించాలి?

నిద్ర. పరీక్ష భయంతో నిద్ర పట్టని పిల్లలు మర్నాడు నీరసంగా, చిరాగ్గా ఉంటారు. అది మేనియా కాదు, కానీ దానికీ పరిష్కారం చూడాలి. మేనియాలో నిద్ర అవసరమే తగ్గిపోతుంది. రెండు మూడు గంటలు పడుకుని, పూర్తిగా విశ్రాంతి తీసుకున్నవాళ్లలా లేస్తారు. అలా వరుసగా కొన్ని రోజులు జరిగితే అది అన్నిటికంటే ముఖ్యమైన సూచన. తెల్లవార్లూ చదువుతున్నాడని చుట్టాలకు గొప్పగా చెప్పుకునే ముందు, పొద్దున అతను ఎలా ఉంటున్నాడో చూడండి.

కారణం, కాలం. మామూలు ఉత్సాహానికి కారణం ఉంటుంది. మ్యాచ్ గెలిచారు, టూర్‌కు వెళ్తున్నారు, పెళ్లికి చుట్టాలొచ్చారు. ఆ కారణం పాతబడితే ఉత్సాహమూ దిగుతుంది. మేనియా కారణం లేకుండా రావచ్చు, కారణంతో మొదలైనా అది పోయాక ఆగదు. వారం లేదా అంతకు మించి, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం అదే స్థితి ఉంటే డాక్టర్లు మేనియాను అనుమానిస్తారు. ఇంతకంటే తక్కువ తీవ్రతతో, నాలుగైదు రోజులు ఉండే రూపం కూడా ఉంది. ప్రమాదం కనిపిస్తే మాత్రం రోజులు లెక్కపెడుతూ కూర్చోకూడదు.

మాట, ఆలోచన. ఉత్సాహంగా ఉన్న పిల్లలు గబగబా మాట్లాడినా, మీరు మధ్యలో ఒక ప్రశ్న వేస్తే ఆగి జవాబు చెబుతారు. మేనియాలో మాటకు అడ్డుపడటం కష్టం. ఒక విషయం నుంచి ఇంకోదానికి దూకుతూ పోతుంది. పది పనులు మొదలవుతాయి, ఒక్కటీ పూర్తికాదు. బీర్స్ గంటకు 12 అడుగులు రాసిన రోజుల్లో పుస్తకం తయారవలేదు. నిదానంగా రాసిన రోజుల్లో తయారైంది.

అడ్డు చెప్పినప్పుడు. మేనియా అంటే ఎప్పుడూ ఆనందమే అనుకోకండి. చాలామందిలో, ముఖ్యంగా టీనేజ్ పిల్లల్లో, అది కోపంగా బయటపడుతుంది. చిన్న మాటకే ఎగిరిపడటం, తనకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదన్నట్టు మాట్లాడటం, విపరీతంగా ఖర్చు చేయడం, బండి ప్రమాదకరంగా నడపడం వంటివి కనిపిస్తాయి. టీనేజ్‌లో కాస్త ఎదురు మాట్లాడటం అందరిలోనూ ఉంటుంది. అది నిద్ర తగ్గడంతో, మాట వేగంతో కలిసి వచ్చిందా అన్నది చూడండి.

నిన్నటి మనిషితో పోలిక. ఇది మీరు మాత్రమే చేయగల పని. కొందరు పిల్లలు పుట్టుకతోనే గలగలలాడేవాళ్లు. వాళ్లకు అదే మామూలు. చిన్నప్పటి నుంచీ కుదురుగా కూర్చోలేని పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఉండొచ్చు, అది వేరే విషయం. మేనియా ఒక కాలంలో మొదలై ఒక కాలంలో తగ్గుతుంది. మీ పిల్లవాడిని పక్కింటి పిల్లవాడితో కాదు, మూడు నెలల కిందటి అతనితోనే పోల్చండి. జార్జ్ చేసింది అదే.

బైపోలార్ డిజార్డర్ ఎక్కువగా టీనేజ్ చివర్లో, ఇరవైల్లో బయటపడుతుంది. చిన్న తరగతుల పిల్లల్లో చాలా అరుదు. కాబట్టి మూడో తరగతి పాప పుట్టినరోజు నాడు ఇల్లంతా గెంతితే దానికి పేరు పెట్టకండి. గెంతనివ్వండి.

అనుమానం వస్తే ఏం చేయాలి?

ఒక చిన్న పుస్తకంలో నాలుగైదు రోజులు రాసుకోండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పగలు ఎలా ఉన్నారు. డాక్టరుకు మీ పది నిమిషాల వివరణ కంటే ఆ పేజీ ఎక్కువ ఉపయోగపడుతుంది. క్లాస్ టీచర్‌తో, స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. ఇంట్లో కనిపించేది స్కూల్లోనూ కనిపిస్తోందా అని అడగండి. తర్వాత సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్ ఎక్కువైనా, కొన్ని మందులు వాడినా, మత్తుపదార్థాల వల్లా ఇలాంటి లక్షణాలే రావచ్చు. అందుకే పేరు పెట్టే పని డాక్టరుకే వదిలేయాలి. తీవ్రంగా ఉంటే, అంటే అసలు నిద్ర లేకపోయినా, లేనివి ఉన్నాయని నమ్ముతున్నా, తనకు గానీ ఇతరులకు గానీ హాని జరిగేలా ఉన్నా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో రోజులు గడపవద్దు. పొగరు అని కొట్టవద్దు. బీర్స్‌పై ప్రయోగించిన బలం ఆయన జబ్బును ఒక్క రోజు కూడా తగ్గించలేదు. ఆ స్థితిలో వాదనకు దిగినా ఫలితం ఉండదు. గొంతు తగ్గించి, సాయంత్రం నుంచి ఇంట్లో హడావుడి తగ్గించి, ఫోన్ పక్కన పెట్టించి, నిద్రకు వీలు కల్పించండి. వాళ్లు చెప్పేదాంట్లో నిజమైన ఫిర్యాదు ఉంటే దాన్ని కొట్టిపారేయకండి. జబ్బు మనిషి చెప్పింది కదా అని బీర్స్ మాటను అప్పట్లో చాలామంది పక్కన పెట్టారు. ఆయన చెప్పింది నిజం.

మేనియా తగ్గిన తర్వాత డిప్రెషన్ రావచ్చు. పిల్లలు హఠాత్తుగా మౌనంగా మారినా, చావు గురించి మాట్లాడినా వాళ్లను ఒంటరిగా వదలకండి, వెంటనే సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. ఏ సమయంలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

బీర్స్ వదిలి వెళ్లింది

బీర్స్ పని తల్లిదండ్రులకు చేరింది ముఖ్యంగా పిల్లల విషయంలో. 1913లో న్యూ హేవెన్‌లో ఒక క్లినిక్ మొదలైంది. ఆస్పత్రిలో చేరకుండానే వచ్చి మనసు గురించి డాక్టరుతో మాట్లాడి వెళ్లే చోటు అది. 1922 నుంచి జాతీయ కమిటీ తోడ్పాటుతో అమెరికా నగరాల్లో చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లు తెరిచారు. పిల్లవాడు, తల్లిదండ్రులు, స్కూలు ముగ్గురినీ కలిపి చూడటం వాటి పద్ధతి. ఇవాళ మన స్కూల్లో కౌన్సెలర్ గది ఉందంటే, ఆ ఆలోచనకు మూలాలు అక్కడికి వెళ్తాయి.

1930లో వాషింగ్టన్‌లో మొదటి అంతర్జాతీయ మెంటల్ హైజీన్ మహాసభ జరిగింది. దాని వెనక ప్రధాన కృషి బీర్స్‌ది. ఆయన మొదలుపెట్టిన అంతర్జాతీయ కమిటీ స్థానంలో 1948లో ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్య వచ్చింది. 1992లో అక్టోబర్ 10ని మానసిక ఆరోగ్య దినంగా జరపడం మొదలుపెట్టింది ఆ సమాఖ్యే.

ముగింపు సినిమాలోలా లేదు. చివరి సంవత్సరాల్లో బీర్స్‌కు జబ్బు తిరగబెట్టింది. 1939లో పని నుంచి తప్పుకుని, ప్రావిడెన్స్ నగరంలోని బట్లర్ ఆస్పత్రిలో చేరారు. 1943 జూలై 9న అక్కడే కన్నుమూశారు. ఆ మందు మరో ఆరేళ్లకు వచ్చింది. ఇవాళ మన పిల్లలకు ఆ మందులున్నాయి, డాక్టర్లున్నారు. వేళకు గుర్తిస్తే ఈ జబ్బుతో చదువుకోవచ్చు, ఉద్యోగం చేయొచ్చు, ఇల్లు నడపొచ్చు. గుర్తించే పని మాత్రం ఇప్పటికీ ఇంటి నుంచే మొదలవ్వాలి.

ఈ రాత్రి మీ అబ్బాయో అమ్మాయో ఏదో పెద్ద కల చెబుతూ మేలుకొని ఉంటే కూర్చుని వినండి. తర్వాత లైటు ఆపి పడుకోమనండి. పడుకుని, మర్నాడు కాస్త బద్ధకంగా లేస్తే నిశ్చింతగా ఉండండి. ఆ కల గురించి మీరే మళ్లీ అడగండి.